ఇంకో ఆయన మామయ్య

మేస్‌బరీ, మిసిసిపీ
2024 అక్టోబరు 21

ఒరేయ్ ఏవరీ,

మీ యూనివర్సిటీ వాళ్లు హెడ్ కోచ్‌ను పీకేసి, సీజను ముగిసేదాకా జట్టును నీ చేతిలో పెట్టారని మీ అమ్మ నా గుమ్మంలో నిలబడి అరిచి చెప్పింది. నాకు పోయింది గొంతే గానీ చెవులు కాదని పలక మీద ఎన్నిసార్లు రాసి చూపించినా లువీనియాకు ఎక్కదు. నేను మాట్లాడలేకపోతున్నాను కాబట్టి వినలేనని కూడా మా చెల్లెలు తీర్మానించేసింది.

ఫోన్‌లో మెసేజ్ పెట్టమంటావు. నా వేలు ఆ తెర మీద ఆనిస్తే మూడు అక్షరాలు ఒకేసారి పడతాయి. అందుకని ఉత్తరాలే. ప్రూయిట్ కాలేజీ మైదానంలో ముప్ఫై ఏళ్లు అరిచి బతికినవాణ్ని, డాక్టర్లు వెతికి వెతికి ఆ గొంతే కోసి తీశారు. మెడలో రంధ్రం గుండా ఊపిరి తీసేవాడు ఈల కూడా ఊదలేడని మొన్ననే తెలిసింది. పాత ఈల నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించాను. గాలంతా మెడలోంచే పోయింది. నాకే నవ్వొచ్చింది, ఆ నవ్వు కూడా బయటికి వినపడలేదు.

సంగతికొస్తాను. వేవర్లీ స్టేట్ ఫుట్‌బాల్ జట్టులో నువ్వు పదకొండేళ్లుగా బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లకు కోచ్‌వి. ఆ కుర్రాళ్ల తల్లుల వంటింట్లో కూర్చుని, పెట్టింది తిని, 'మీవాణ్ని నా బిడ్డలా చూసుకుంటా' అని మాటిచ్చి వాళ్లను తీసుకొచ్చేదీ నువ్వే. ఆటలో ఎత్తులు వేసే గదిలోకి మాత్రం నిన్ను ఏనాడూ పిలవలేదు. ఇప్పుడు జట్టు వరసగా ఓడిపోయి, జనం తిట్టిపోస్తున్నప్పుడు పిలిచారు. ఇల్లు అంటుకున్నాక తాళాలు మన నల్లవాళ్ల చేతికిచ్చి, మంటలు ఆరాక వెనక్కి అడగడం వాళ్లకు అలవాటు. తాళాలు తీసుకో, వద్దనను. ఆ ఇంట్లో అప్పుడే మంచం మాత్రం వేసుకోకు.

నిజానికి చాలా సంతోషించాను. అది ముందు రాయాల్సింది, నా అలవాటు కొద్దీ చివర్లో రాస్తున్నాను.

మామయ్య
ఓథెల్ బ్రాస్‌ఫీల్డ్

ఇది చదివాక అమ్మకు ఫోన్ చెయ్యి. లేకపోతే మళ్లీ నా గుమ్మంలోకే వస్తుంది.


వేవర్లీ
నవంబరు 3

మామయ్యా,

గెలిచాం! రెండోసారి కూడా గెలిచాం. మీరు టీవీలో చూసే ఉంటారు, అయినా నా చేత్తో రాయాలనిపించింది. చివరి నిమిషంలో బంతి తన్ని సమం చేసుకుని అదనపు సమయానికి పోవచ్చు. కానీ ఆ రోజు మా కుర్రాళ్ల కళ్లు వేరేగా ఉన్నాయి. జూరెల్ పోప్ నా దగ్గరకొచ్చి, "కోచ్, తన్నొద్దు. బంతి నాకివ్వండి, నేనే తీసుకెళ్తా" అన్నాడు. ఇచ్చాను. ముగ్గురిని ఈడ్చుకుంటూ వెళ్లి గీత దాటాడు. వాళ్ల అమ్మ వెర్నెల్ గారు స్టాండ్స్‌లో మా ఆవిడ నీటా పక్కనే కూర్చుందట. అరిచిన అరుపుకి నీటా చెవి సాయంత్రం దాకా గుయ్‌మంటూనే ఉంది.

టీవీలో వ్యాఖ్యాత నన్ను ఏమన్నాడో విన్నారా? "ఈయన ఆ పిల్లలకు తండ్రిలాంటివాడు. గుండెతో నడిపిస్తున్నాడు" అన్నాడు. పొగడ్తే, కాదనను. అవతలి జట్టు తెల్ల కోచ్‌ను మాత్రం "ఎంత బుర్రండీ బాబూ" అన్నాడు. ఆ బుర్రను ఓడించింది నా గుండె ఒక్కటేనా అని నీటా టీవీని నిలదీసింది.

క్రీడా విభాగం డైరెక్టర్ ప్రెంటిస్ గారు మొన్న వరండాలో ఆపి, "నీ పేరు కూడా చూస్తున్నాం ఏవరీ" అన్నారు. హెడ్ కోచ్ ఉద్యోగానికి కనీసం ఒక నల్ల అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చెయ్యకుండా ఎవరినీ తీసుకోకూడదని మా యూనివర్సిటీలో ఇప్పుడొక నియమం పెట్టారు. ఆ నియమం కోసం పిలుస్తున్నారో, నా కోసం పిలుస్తున్నారో తెలీదు. మీరేమంటారు? నాకు అవకాశం ఉందంటారా?

మీ మేనల్లుడు
ఏవరీ


మేస్‌బరీ
నవంబరు 10

ఏవరీ,

చూశాను. మూడో భాగంలో నీ ఎడమ పక్కవాళ్లు రెండుసార్లు ఒకే మోసానికి పడ్డారు. మొదటిసారి పడితే కుర్రాడి తప్పు, రెండోసారి పడితే కోచ్ తప్పు. మిగతాదంతా బాగుంది. ఇంతకంటే పొగడటం నాకు చేతకాదు.

అవకాశం ఉందా అని అడిగావు. ఆ మాట వదిలేసి ముందు ఒక వార్త చెబుతాను. మన నల్లవాళ్ల కాలేజీ ప్రూయిట్‌లో నా తర్వాత వచ్చిన కోచ్ ఈ ఏడాదితో మానేస్తున్నాడు. కాలేజీ అధ్యక్షురాలు డాక్టర్ మాబ్రీ మా ఇంటికొచ్చి, కొత్తవాణ్ని ఎంచే కమిటీలో నన్ను కూర్చోమని అడిగింది. ఒప్పుకున్నాను. నీ పేరు వేయమంటావా? స్టేడియం చిన్నదే, జీతమూ చిన్నదే. మైదానంలో ఒక మూల ఎంత గడ్డి వేసినా మొలవదు. కానీ జట్టు మొత్తం నీది. ఎత్తులు వేసే గది తలుపు మీద నీ పేరు ఉంటుంది.

మీ అమ్మ చిలగడదుంప నింపి తీపి పై రొట్టె చేసి నీకు పార్సెల్ పంపుతానంటోంది. దారిలోనే చితికిపోతుందని పలక మీద రాశాను. "నీకేం తెల్సు, నోర్మూసుకో" అంది. ఉన్న నోరు మూసుకునే ఉందని రాయబోతుంటే పలక లాగేసుకుంది.

మామయ్య


వేవర్లీ
నవంబరు 18

మామయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు అవకాశం ఉందా అని అడిగితే, మీరు ప్రూయిట్‌లో గడ్డి మొలవని మూల గురించి రాశారు. అంటే లేదనేగా?

కోపం తెచ్చుకోకండి. ప్రూయిట్ అంటే నాకు చిన్నచూపు లేదు. చిన్నప్పుడు మీ వెనకాల నీళ్ల బకెట్టు మోసింది ఆ మైదానంలోనే. కానీ వేవర్లీ స్టేట్ జట్టులో సగానికి పైగా మన పిల్లలే. వాళ్ల మీద కూర్చున్న హెడ్ కోచ్ ఈ నూరేళ్లలో ఒక్కసారి కూడా మనవాడు కాలేదు. ఎనభై వేలమంది చూస్తుండగా నేను ఆ జట్టును గెలిపిస్తున్నాను. ఈ ఒక్కసారైనా మీరు, "ఏవరీ, అది నీదే, పోయి తెచ్చుకో" అంటారనుకున్నాను. మీకు దక్కనిది నాకు దక్కితే మీకు బాధగా ఉంటుందేమోనని కూడా ఒక్క క్షణం అనిపించింది. రాయకూడని మాటే. రాశాక కొట్టేయలేకపోయాను.

డిసెంబరు 2, సోమవారం ఇంటర్వ్యూకు రమ్మన్నారు. కొత్త సూటు కుట్టించుకుంటున్నాను. మూడేళ్లకు జట్టును ఎలా కట్టాలో, ఏ ఎత్తులు ఎప్పుడు వేయాలో అంతా సిద్ధం చేసుకుంటున్నాను. ప్రూయిట్ కమిటీలో నా పేరు వేయకండి.

పై రొట్టె చితికిపోయే వచ్చింది. చెంచాతో తిన్నాం. అమ్మకు మాత్రం చెప్పకండి.

ఏవరీ


వేవర్లీ
నవంబరు 28, థాంక్స్‌గివింగ్

మామయ్యా, మామయ్యా,

పోయిన ఉత్తరంలో నేను రాసిందంతా చించి పారేయండి. నన్ను క్షమించండి. మీరు అంత పని చేస్తూ నాతో ఒక్క మాటైనా అనలేదే!

ఇక్కడి అభిమానులు ఎలాంటివాళ్లో మీకు తెలుసుగా. కొత్త కోచ్ కోసం వెతుకుతున్నారంటే చాలు, పొద్దస్తమానం ప్రెంటిస్ గారి విమానం ఎక్కడ దిగిందో ఫోన్‌లో చూస్తూ కూర్చుంటారు. ఎక్కడ దిగితే అక్కడివాడే కొత్త కోచ్ అని లెక్క. మంగళవారం ఆ విమానం మేస్‌బరీ పక్కన, పొలాలకు మందు చల్లే విమానాలు దిగే ఆ చిన్న పట్టీ మీద దిగిందట! బుధవారం పొద్దున్నే మీ బార్బర్ క్లీవన్ ఫోన్ చేశాడు. "ఏరా కోచ్, నీ పెద్ద బాసు మీ మామయ్య ఇంట్లో కూచుని కేకు తింటన్నాడంట కదా! మనూళ్లో అంత ఖరీదైన బూట్లేసుకున్నోడు ఇంతకుముందు ఎప్పుడన్నా దిగాడా?" అన్నాడు. వాడి వెనకాల షాపంతా గోల గోలగా ఉంది.

నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు మామయ్యా. ఒక కుర్రాణ్ని తీసుకోవాలంటే మనం ఏం చేస్తాం? ముందు వాళ్లింటికి వెళ్తాం. పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటాం. పెట్టింది తింటాం. తీసుకోనివాడి ఇంటికి ఎవరూ వెళ్లరు. ఈసారి వాళ్లు మా ఇంటికే వచ్చారు.

అమ్మ చర్చి ముందున్న బోర్డు మీద 'మన ఏవరీ హెడ్ కోచ్, దేవునికి స్తోత్రం' అని అక్షరాలు పెట్టించిందట. ఇంకా ఖాయం కాలేదని నీటా ఫోన్ చేసి చెప్పినా తీయించలేదు. "దేవుడు బోర్డు చదువుకుంటాడులే" అందట.

మీరు ఆయనతో ఏం చెప్పారో ఇప్పుడు అడగను. సోమవారం అయ్యాక అడుగుతాను. పలక మీద నా గురించి ఒక్క మంచి మాట రాసి ఉంటారు. అది చాలు.

ప్రేమతో, సిగ్గుతో
ఏవరీ


మేస్‌బరీ
నవంబరు 29

ఏవరీ,

నీ పోయిన ఉత్తరం తర్వాత నాకు ఇంకా ఏమీ అందలేదు. మంగళవారం ప్రెంటిస్ మా ఇంటికొచ్చిన సంగతి నీ చెవిన పడే ఉంటుంది. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మీ అమ్మ బయటి గదిలో కూర్చోబెట్టి కేకు కోసి పెట్టింది. ఆయన మర్యాదస్తుడే, అబద్ధం చెప్పకూడదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కోచ్‌గారూ, ఏవరీ మా కుటుంబంలో మనిషండీ" అన్నాడు. ఆ ఒక్క మాటే చెవిలో పడి లువీనియా ఏప్రన్ కూడా విప్పకుండా చర్చికి పరిగెత్తింది. మిగతాది వినడానికి ఇంట్లో నేనొక్కణ్నే మిగిలాను.

"వంటింట్లో కూచుని ఒక తల్లిని ఒప్పించాలంటే ఏవరీని మించినోడు మా దగ్గర లేడండీ," అన్నాడు. "ఆ కుర్రాళ్లంతా అతన్ని చూసే వచ్చారు. అతను పోతే వాళ్లూ పోతారు. కొత్తగా వచ్చే ఆయన కుర్రాడండీ, మంచి బుర్రున్నోడు. పక్కన ఏవరీలాంటోడు ఉంటే నిలదొక్కుకుంటాడు. హోదా పెంచుతాం, జీతం పెంచుతాం. మీ మాటంటే ఏవరీకి గురి. ఉండిపొమ్మని మీరొక్క మాట రాయండి."

వచ్చే సోమవారం ఏవరీని ఇంటర్వ్యూకు పిలిచావు కదయ్యా, అది జరక్కముందే కొత్త ఆయన ఎక్కడి నుంచి వచ్చాడు అని నేను రాయలేదు. రాసి లాభం లేదు. మాట జారిన సంగతి ఆయనకే తెలియలేదు. నేను పలక తుడిచి ఒక్క ప్రశ్న రాశాను.

'ఆ ఇంకో ఆయన మామయ్యను కూడా కలిశారా?'

చదివాడు. మళ్లీ చదివాడు. మెల్లగా లేచి, "కేకు చాలా బాగుందండీ" అన్నాడు. ముక్క ముట్టుకోనే లేదు.

ఏవరీ, ఈ ఉత్తరాన్ని సోమవారం పొద్దున పోస్టులో వేస్తాను. నీ ఇంటర్వ్యూ అయ్యాకే నీకు చేరుతుంది. తెలిసే అలా చేస్తున్నాను. నువ్వు తిడతావనీ తెలుసు.

మామయ్య


వేవర్లీ
డిసెంబరు 6

మామయ్యా,

నిన్న మీ ఉత్తరం వచ్చింది. మొన్న ట్రెవర్ హాల్‌స్టెడ్‌ను హెడ్ కోచ్‌గా ప్రకటించారు. ముప్ఫై ఆరేళ్లవాడు. ఇంతవరకు ఏ జట్టుకూ హెడ్ కోచ్ కాలేదు. తాత్కాలికంగానైనా కాలేదు. టీవీలో అప్పుడే "ఎంత బుర్రో" అని మొదలుపెట్టారు.

ఇంటర్వ్యూ సంగతి రాస్తాను. కొత్త సూటు వేసుకుని వెళ్లాను. "దారిలో ట్రాఫిక్ ఎలా ఉంది?" అని అడిగారు. నా ఆఫీసు ఆ భవనంలోనే రెండు అంతస్తుల కింద ఉంది మామయ్యా. తర్వాత, "కొత్త కోచ్ ఎవరైనా సరే, మీ కుర్రాళ్లలో ఎంతమంది నిలబడతారనుకుంటున్నారు?" అన్నారు. అంతే. ఆట గురించి ఒక్క ప్రశ్న లేదు. నేనే ఫైలు తెరిచి, అడగకపోయినా అంతా చెప్పాను. ఒక్కటీ మిగల్చకుండా చెప్పాను. మూలన కూర్చున్న ఒకావిడ మాత్రం రాసుకుంది. ప్రెంటిస్ గారు నా ముఖంలోకి చూడలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

మీకు మంగళవారమే తెలుసు. అమ్మకు ఫోన్ ఉంది. ఒక్క ముక్క పలక మీద రాసి చూపిస్తే ఆమె నాకు చెప్పేది. పై రొట్టె చితికిందా లేదా అని అడగడానికి మీ ఇంట్లో ఫోన్ పనిచేస్తుంది, దీనికి పనిచేయలేదు. నన్ను సూటు వేసుకుని, నవ్వుకుంటూ, వెర్రివాడిలా ఆ గదిలోకి వెళ్లనిచ్చారు. పరాయివాళ్లు చేసిందానికి నాకు ఏడుపు రాలేదు. మీరు చేసిందానికి వచ్చింది.

చర్చి బోర్డు తీయించమని అమ్మకు చెప్పండి. నేను చెప్పలేను.

ఏవరీ


మేస్‌బరీ
డిసెంబరు 11

ఏవరీ,

బోర్డు మీద అక్షరాలు నేనే తీశాను. నిచ్చెన ఎక్కొద్దని మీ అమ్మ కింద నిలబడి ఏడ్చింది, నా కోసమో నీ కోసమో తెలియదు. నీ కోపం న్యాయమైనదే. నా సంగతి కూడా విను.

1984లో నన్ను కూడా ఒక పెద్ద యూనివర్సిటీ పిలిచింది. పేరు రాయను, ఇప్పుడెందుకు. మీ అత్త నా షర్టు రెండుసార్లు ఇస్త్రీ చేసింది. బయలుదేరే ముందు రోజు అక్కడ నేల తుడిచే మనవాడొకడు ఫోన్ చేసి, "కోచ్, రావొద్దు. అవతలాయన ఆల్రెడీ ఇల్లు చూసుకుంటన్నాడు" అన్నాడు. వాడు నా మేలు కోరే చెప్పాడు. అయినా వెళ్లాను. తెలిసి వెళ్లాను. ఓడిపోయినవాడిలా నడిచాను, ఓడిపోయినవాడిలా మాట్లాడాను. వాళ్లు అడిగినవి రెండే ప్రశ్నలు. ప్రయాణం ఎలా జరిగింది, మీ పిల్లలు మా పద్ధతులకు అలవాటు పడతారా. వాటికీ నేలచూపులు చూస్తూ గొణిగాను. నా ఆట గురించి ఒక్క మాటా చెప్పలేదు.

వాళ్లు కాదన్నారు. నలభై ఏళ్లుగా నాకు తేలని సంగతి ఒకటుంది, వినరా. నా రంగు చూసి కాదన్నారా, నా గొణుగుడు చూసి కాదన్నారా? రంగు చూసే అని నా బుర్రకు తెలుసు. అయినా ఏ రాత్రో మెలకువ వస్తే, తల ఎత్తి మాట్లాడి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. ఆ 'కాదు'లో సగం నాదైపోయింది. సగం బరువు నేనే మోశాను.

ప్రెంటిస్ వెళ్లిపోయాక ఫోన్ ముందు చాలాసేపు కూర్చున్నాను. మీ అమ్మను పిలవాలని పలక మీద రాశాను కూడా. తుడిచేశాను. నువ్వు ఆశతో ఆ గదిలోకి వెళ్లాలి, ఉన్నదంతా చెప్పి బయటికి రావాలి అనుకున్నాను. అప్పుడు వాళ్లనే 'కాదు' పూర్తిగా వాళ్లదే అవుతుంది, నీకు అందులో వాటా ఉండదు. ఒక్కటీ మిగల్చకుండా చెప్పానని రాశావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

నీకు దక్కితే నాకు బాధగా ఉంటుందేమో అని నవంబరులో రాశావు. బాధ ఉండేదే. దాని పక్కన సంతోషం ఎంత ఉండేదో నీకు చూపించే అవకాశం వాళ్లు ఇవ్వలేదు.

నేను చేసింది తప్పే కావచ్చు. నీ సూటు ఫొటో ఒకటి పంపు.

మామయ్య


వేవర్లీ
డిసెంబరు 21

మామయ్యా,

ఫొటో జత చేశాను. నీటా తీసింది, ఇంటర్వ్యూకు బయలుదేరే ముందు. వెర్రి నవ్వు నవ్వుతున్నాను. మొదట చింపేద్దామనుకున్నాను. మీ ఉత్తరం చదివాక చూస్తే, ఫొటోలో ఉన్న మనిషి మీద నాకు చిరాకు కలగలేదు. బాగానే ఉన్నాడనిపించింది.

ప్రెంటిస్ గారు పిలిచి పెద్ద హోదా, పెద్ద జీతం బల్ల మీద పెట్టారు. నాకు డబ్బు చేదని కాదు. ఎటూ తేల్చుకోలేక వెర్నెల్ పోప్ గారి ఇంటికి వెళ్లాను. ఆమె కొడుక్కి ఇంకా ఏడాది చదువుంది. పట్టా వచ్చేదాకా పక్కనే ఉంటానని ఆ వంటింట్లోనే మాటిచ్చాను. వాళ్లు నన్ను కట్టేసేది ఆ మాటతోనే అని ప్రెంటిస్ గారికి బాగా తెలుసు. ఆమె క్యాట్‌ఫిష్ చేపలు వేపుతూ అంతా విన్నది. గరిటె పక్కన పెట్టి అంది:

"నా కొడుకు పట్టా నువ్వు మోసుకొచ్చి నా చేతిలో పెట్టక్కర్లేదయ్యా. ఆదివారం ఆదివారం వాడికి ఫోన్ చేసి క్లాసుకి పోతన్నావా లేదా అని గట్టిగా అడుగు, సాలు. నీకు రావాల్సింది రానియ్యని చోట నువ్వు తలొంచుకు నిలబడితే, అది సూసి నా కొడుకేం నేర్సుకుంటాడు? తిను, సల్లారిపోతంది."

తిన్నాను. మర్నాడు వెళ్లి ఉండనని చెప్పేశాను. హాల్‌స్టెడ్‌ను కూడా కలిశాను. చెడ్డవాడు కాదు. "మీరు వెళ్లిపోతే నేను వాళ్ల ఇళ్లలో ఏం మాట్లాడాలి?" అని అడిగాడు. ముందు పెట్టింది తినమన్నాను.

ఇక అసలు సంగతి. నేను వేవర్లీ వదులుతున్నానని తెలిసి డాక్టర్ మాబ్రీ ఫోన్ చేశారు. "వచ్చెయ్ బాబూ, ఇంటర్వ్యూలూ గింటర్వ్యూలూ ఏం అక్కర్లేదు. మీ మామయ్య ఉన్నారుగా, ఆయన మాట చాలు" అన్నారు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. సరేనండీ అని నోటిదాకా వచ్చింది. కానీ ఆ పదవికి ఇంకో ముగ్గురు దరఖాస్తు పెట్టారటగా. వాళ్లలో ఒకడు ఒహాయో నుంచి, తెల్లవాడు, గట్టివాడని విన్నాను.

మామయ్యా, వాళ్ల మామయ్యలను కూడా కలిశారా?

తప్పుగా అనుకోకండి. ప్రూయిట్ నాకు కావాలి. మీరు మొదట రాసినప్పుడే కావాల్సింది, అప్పుడు నా కళ్లు వేరేచోట ఉన్నాయి. కానీ ముందే ఖాయమైన కుర్చీలోకి ఎవరో ఒకరు సూటు కుట్టించుకుని రావడం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు. ఆ ఒహాయో ఆయన మన ఊరికి అలా రాకూడదు. మీరు కమిటీలోంచి తప్పుకోండి. అందరినీ పిలిచి అడగాల్సినవన్నీ అడగమనండి. నేను ఓడిపోతే ఓడిపోతాను. అమ్మను మాత్రం చర్చి బోర్డు జోలికి పోనివ్వకండి.

మీ
ఏవరీ


మేస్‌బరీ
2025 జనవరి 17

ఒరేయ్ ఏవరీ,

నీ ఉత్తరం చదివినప్పుడు మొదట మండిపోయాను. ఆ కాలేజీకి ముప్ఫై ఏళ్లు ఇచ్చాను, నన్నే బయటికి పొమ్మంటాడా వీడు అనుకున్నాను. లువీనియా పక్కన కూర్చుని చదివి, "నీ పలక నీకే తిప్పి కొట్టాడు కదన్నా" అని నవ్వింది. ఆ నవ్వుకు నా కోపం నిలవలేదు. మర్నాడే రాజీనామా ఇచ్చాను. డాక్టర్ మాబ్రీకి నచ్చలేదు. "అయితే అందర్నీ సరిగ్గానే అడుగుతాం. అతనికి దక్కకపోతే మళ్లీ నా దగ్గరకొచ్చి మూతి ముడుచుకోకండి" అంది. ముడుచుకోనని పలక మీద రాసి సంతకం కూడా పెట్టాను.

నీ ఇంటర్వ్యూ జరిగిన రోజు నా ట్రక్కు కాలేజీ గేటు బయట ఉండటం నువ్వు చూశావు. హీటరు వేసుకుని అందులోనే కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక గానీ నువ్వు బయటికి రాలేదు. అంతసేపు ఆ తలుపు వెనక నిన్ను ఏం అడుగుతున్నారా అని ఊహించుకుంటూ ఉన్నాను. నువ్వు వచ్చి కిటికీ దగ్గర నిలబడి ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఫలితం రాకముందు వింటే పైరవీ అవుతుందని నా భయం. నీ ముఖం మాత్రం చూశాను. వాళ్లు నిన్ను ఆట గురించే అడిగారని అది చూస్తేనే తెలిసింది.

నిన్న సాయంత్రం తేలిపోయింది. డాక్టర్ మాబ్రీ ఈపాటికి నీకు ఫోన్ చేసే ఉంటుంది. ఒక్క ఓటు తేడాతో నిన్ను తీసుకున్నారు. ఒహాయో ఆయన నీకు దగ్గర దగ్గరగా వచ్చాడట. వెళ్లేటప్పుడు ఆయన, "ఇంతగా నన్నెక్కడా అడగలేదండీ" అని అందరికీ చెయ్యి కలిపి వెళ్లాడని తెలిసింది. నీకు ఓటెయ్యనివాళ్లు ఎవరో నాకు తెలుసు, పేర్లు రాయను. వచ్చాక నువ్వే కనుక్కో. వాళ్ల దగ్గర కూర్చుని ఎందుకు వెయ్యలేదో అడుగు. వాళ్లు చెప్పేది పనికొస్తుంది.

చర్చి బోర్డు మీద అక్షరాలు ఈసారి నేనే పెట్టాను. 'దేవునికి స్తోత్రం' అన్నదానికి అక్షరాలు చాలలేదు. దేవుడు ఏమీ అనుకోడని మీ అమ్మే అంది. నీ ఈల నువ్వే తెచ్చుకో, ఇక్కడున్నది నాకు కావాలి. ఊదలేకపోయినా జేబులో ఉంచుకుంటాను. గడ్డి మొలవని ఆ మూల ఇంకా అలాగే ఉంది.

ఒక్క పని చేసిపెట్టు. ఆ గదిలో వాళ్లు నిన్ను ఏమేం అడిగారో మొత్తం రాసి పంపు. ఒక్క ప్రశ్న కూడా వదలకు. నువ్వేం చెప్పావో తర్వాత చెబుదువుగాని, ముందు ప్రశ్నలు పంపు. నా దగ్గర కూడా నలభై ఏళ్లుగా కొన్ని జవాబులు ఉన్నాయి.

మామయ్య